పంది పక్క బొక్కలు వండుకునుడు సిగ్గుపడే పనా?

ఇయ్యాల పంది కూర గురించి రాస్తున్న. తిననోళ్లు ఉంటరు, వాళ్ల నమ్మకం వాళ్లది. వాళ్లు ఈ ఒక్క పోస్టు ఇడిచిపెట్టి నా మక్కచేను పోస్టులు చదువుకోండ్రి. తినేటోళ్లు మాత్రం ఆఖరి దాక చదవాలె. ముఖ్యంగ తిని కూడ తిననట్టు తిరిగేటోళ్లు చదవాలె. మన నారాయణరావుపేట చుట్టుపక్కల గసొంటోళ్లు తక్కువేం లేరు.

ఎయిర్ ఫ్రైయర్ అనే డబ్బా ఇప్పుడు మన ఊర్లల్లకు కూడ వచ్చింది. మా ఇంటికి నిరుడు దసరాకు బిడ్డా అల్లుడు తెచ్చిన్రు. దాంట్ల మక్కకంకులు కాల్చినం, కోడి తునకలు వేసినం, చేపలు వేసినం. అన్నిట్ల నాకు బాగ నచ్చింది మసాలా పట్టించిన సీమపంది పక్కటెముకలు. మన మాటల చెప్పాలంటే పక్క బొక్కలు. ఈ సంగతి నలుగురికి చెప్తే ఇద్దరు నవ్విన్రు, ఇద్దరు చెవిల వచ్చి ఎన్ని డిగ్రీలు పెట్టాలె, ఎన్ని నిమిషాలు పెట్టాలె అని అడిగిన్రు. ఆ పంది యాడ పెరిగింది, ఏం తిన్నది అని మాత్రం ఒక్కరు అడగలే. ముందుగాల అడగాల్సింది అది. డిగ్రీలు, నిమిషాలు ఆ తర్వాత.

నా అభిప్రాయం మొదలే చెప్పేస్త. ఈ వంట మన అసొంటి చిన్న రైతుల ఇండ్లకు సరిపోయే వంట. దీంట్ల దాచుకోవాల్సింది ఏం లేదు. కాని కొట్టంల కట్టేసి, దాణా పెట్టి పెంచిన పంది అయితెనే కొనాలె. మోరీల పొంటి తిరిగిన పందిని ఎంత ఖరీదైన డబ్బాల పెట్టినా నేను ముట్ట.

డబ్బా సంగతి కొంచెం చెప్త, చూడనోళ్లు ఉంటరు. ఇది 2010ల ఫిలిప్స్ కంపెనీ మొదలు మార్కెట్ల పెట్టింది. పేర్ల ఫ్రై అని ఉన్నది గాని అది వేపదు, కాలుస్తది. పైన ఒక కాయిల్ ఎర్రగ కాలుతది, దాని మీద ఒక ఫ్యాను తిరిగి ఆ వేడిగాలిని తునకల చుట్టు గిర్రున తిప్పుతది. మన కట్టెల పొయ్యి నిప్పుల మీద కాల్చుకుంటమే, గదే పని పొగ లేకుండ, ముయ్యబడ్డ డబ్బాల చేస్తది. నాలుగు లీటర్లది నాలుగు వేల నుంచి ఏడెనిమిది వేల దాక ఉన్నది. నూనె లేకుండ వంట అని అమ్మేటోళ్లు గొప్పగ చెప్తరు. పక్క బొక్కల విషయంల ఆ మాట సగమే నిజం. బొక్కల మీద కొవ్వు ముందే ఉంటది, దానికి మనం నూనె పోసే పని ఎట్లాగూ లేదు. కొంత కొవ్వు కిందికి కారిపోతది, అది మంచిదే. కాని బీపీ, షుగర్ ఉన్నోళ్లు ఇది పత్యం కూర అనుకొని కిలో లాగియ్యొద్దు.

ఇగ వంటకు వస్త. ఫోన్ల వీడియోలు చూస్తే అందరు పచ్చి బొక్కలకు మసాలా రాసి, డబ్బాల పెట్టి, ఇరవై అయిదు నిమిషాలల్ల బయటికి తీసి ఆహా అంటరు. అది విదేశాల దొరికే లేత బొక్కలకు నడుస్తదేమో. మన దగ్గర దొరికేది అట్ల కాదు. ఇక్కడ పందిని బాగ బరువు ఎక్కినంకనే కోస్తరు. బొక్క పొంటి ఉండే నరం, జిగురు మెత్తబడాలంటే తడి వేడి కావాలె, టైం కావాలె. డబ్బాల ఉండేది పొడి వేడి, అదీ తొందర వేడి. అందుకే పైన నల్లగ మాడుతది, లోపల పంటికి రబ్బరు తీర్గ సాగుతది. అట్ల తిన్నోళ్లే డబ్బా దండగ అని అటక మీద పడేస్తున్నరు. తప్పు డబ్బాది కాదు, వరుసది.

మా ఇంట్ల వరుస ఇట్ల. కిలో బొక్కలు తెస్తే కొట్టేటాయనకు ముందే చెప్పాలె, రెండు రెండు బొక్కలు కలిపి పొడుగ్గ కొట్టు అని. చెప్పకుంటె కూర తునకల తీర్గ బొక్క పెంకులు లేచేటట్టు కొడుతడు, అవి పండ్లకు తగులుతయి. బొక్కల లోపలి దిక్కు ఒక తెల్లటి పల్చటి పొర ఉంటది. కత్తి కొనతోటి లేపి, బట్ట తోటి పట్టి గుంజితే ఒక్కసారి ఊడొస్తది. అది తియ్యకుంటె మసాలా లోపలికి పట్టది. తర్వాత పసుపు, ఉప్పు రాసి, కొంచెం అల్లం ఎల్లిగడ్డ దంచి వేసి, ఒక గిలాస నీళ్లు పోసి కుక్కర్ల పెట్టుడు. నాలుగు విజిల్లు వచ్చినంక మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు. ముదురు బొక్కలు అయితే ఇంకో రెండు విజిల్లు. మాంసం బొక్కను పట్టుకొని ఉండాలె గాని గట్టిగ గుంజితే ఊడొచ్చేటట్టు ఉండాలె. పూర్తిగ ఊడిపోతే డబ్బాల పెట్టేదానికి ఏం మిగలదు.

ఆ కుక్కర్ల మిగిలిన నీళ్లు పారబోసేటోళ్లను చూస్తే నాకు కోపమొస్తది. పైన తేలిన కొవ్వు తీసేసి, మిరియాలు దంచి వేసి, కొత్తిమీర వేసి మళ్లొక్కసారి మరిగిస్తే చారు అయితది. జొన్నరొట్టె అందుల ముంచుకొని తింటే బొక్కల కంటే అదే బాగుంటది అంటది మా ఇంటామె.

ఇగ మసాలా. రెండు చెంచాల కారం, ధనియాల పొడి, మిరియాల పొడి, కొద్దిగ గరం మసాలా, మళ్ల అల్లం ఎల్లిగడ్డ. దాంట్ల చిక్కటి చింతపండు గుజ్జు. పొడి మసాలా ఎప్పుడు చల్లొద్దు. లోపల ఫ్యాను తిరుగుతది గదా, పొడి లేచి కాయిల్ మీద పడి మాడి, ఇల్లంత దగ్గులు లేపుతది. గుజ్జుల కలిపి, చెంచా నూనె వేసి ముద్ద చేసి రాయాలె, అప్పుడు అంటుకొని ఉంటది. గంట సేపు పక్కకు పెట్టాలె. తర్వాత డబ్బాను అయిదు నిమిషాలు ఉత్తగ కాల్చి, బొక్కలు ఒక్క వరుసల పేర్చి, 190 డిగ్రీల మీద ఏడెనిమిది నిమిషాలు, తిప్పేసి మళ్ల ఏడెనిమిది నిమిషాలు. అంతే. కింది గిన్నెల అరగిలాస నీళ్లు పోసి పెడితే కారిన కొవ్వు పొగ లేవదు. కొన్ని మోడళ్లల్ల నీళ్లు పొయ్యొద్దని రాసి ఉంటది, పుస్తకం చూసుకొని పోయండ్రి.

వీడియోలల్ల బార్బెక్యూ సాస్ అని సీసాలది పూస్తరు. దాంట్ల ఉండేది ఏంది? తీపి, పులుపు, కారం. మన ఇంట్ల బెల్లం ఉన్నది, చింతపండు ఉన్నది, కారం ఉన్నది. సీసాకు పైసలు ఎందుకు పెట్టాలె? బెల్లం పాకం మాత్రం ఆఖరి మూడు నాలుగు నిమిషాలల్ల పూయాలె, ముందు పూస్తే మాడి చేదైతది. కర్ణాటకల కొడగు వాళ్లు పంది కూరల కాచంపులి అనే నల్లటి పులుపు పోస్తరు, అది అక్కడి అడవి కాయల రసం కాచి తీస్తరు. కొవ్వు కూరకు పులుపు పడాలె అనేది వాళ్లకు తెలుసు, మనకు తెలుసు. ఇంకో మాట. ఆ కొడగుల పంది కూర పెండ్లి విందుల వడ్డించే కూర. చుట్టాలకు పెట్టకుంటె చిన్నతనం. ఇక్కడ చుట్టాలు వస్తున్నరంటే గిన్నె దాస్తం. గంతే తేడా.

కరెంటు సంగతి ఏ వీడియోల ఉండది, ఊర్ల ఉండేటోళ్లకు అదే ముఖ్యం. ఈ డబ్బా చాన వరకు 1500 వాట్లు ఉంటది. 230 వోల్టుల మీద ఆరున్నర ఆంప్స్ గుంజుతది. మన గోడకుండే చిన్న ప్లగ్గు 6 ఆంప్స్ ది. దానికి పెడితే ప్లగ్గు కాలుతది, వాసన వస్తది. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు తోటి అరుగు మీదికి గుంజి వండుతరు చూడు, అది ఇంకా ప్రమాదం. 16 ఆంప్స్ పెద్ద ప్లగ్గు, ఎర్తింగు సక్కగ ఉన్న చోటనే పెట్టాలె.

రెండోది వోల్టేజి. ఇంటర్ల చదివిన ఫిజిక్స్ నాకు జీవితంల ఒకటి రెండు సార్లు పనికొచ్చింది, అందుల ఇది ఒకటి. హీటరు వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటది. 230 ఉండాల్సిన కాడ 180 వస్తే, వేడి వందకు అరవై ఒక్క వంతే వస్తది. 1500 వాట్ల డబ్బా 900 చిల్లర వాట్ల డబ్బా అయితది. అందుకే సిటీల పదిహేను నిమిషాలల్ల అయ్యేది మన దగ్గర సాయంత్రం పూట ఇరవై, ఇరవై అయిదు పడుతది. నిమిషాలు చూసి దింపకుండ్రి, తునక విడదీసి చూసి దింపుండ్రి. ఖర్చు అంటే అరగంట నడిస్తే ముప్పావు యూనిట్. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు బిల్లు లేనోళ్లకు అదీ లేదు.

ఇన్ని చెప్పినంక ఒకటి ఒప్పుకోవాలె. ఇది దావత్ వంట కాదు. నాలుగు లీటర్ల డబ్బాల ఒక్క వరుసల పేరిస్తే అరకిలోకు మించి పట్టది. పదిమంది చుట్టాలకు దీంట్ల వండాలంటే మొదటి వాయి తిన్నోడు ఇంటికి పోయినంక ఆఖరి వాయి దిగుతది. దావత్ అయితే మూడు రాళ్లు, కట్టెలు, పెద్ద గంజే. కాని మన ఊర్లల్ల ఇండ్లు ఒకసారి చూడండ్రి. పిల్లలు హైదరాబాద్ల, దుబాయిల. ఇంట్ల ఇద్దరు ముసలోళ్లు. అరకిలో కూర కోసం కట్టెల పొయ్యి ముట్టించి, పొగల కూసొని గంటన్నర వండే ఓపిక ఆడోళ్లకు యాడిది? పొద్దంత నాటేసి వచ్చినామెకు పొయ్యి కాడ నిలబడే పని తప్పితే అదే మేలు. డబ్బాల పెట్టి మీట నొక్కుడు మగోళ్లకు కూడ వస్తది. వస్తలేదు అంటే అది సాకు.

ఇంట్ల తిననోళ్లు ఉంటరు కదా అని అడుగుతరు. మా ఇంట్ల మా అమ్మ ముట్టది. ఆమె అప్పడాలు ఆ బుట్టల కాల్చం. బజార్ల ఆ బుట్ట ఒక్కటే విడిగ కూడ దొరుకుతది, పంది కూరకు వేరేది పెట్టుకున్నం. మనకు పక్క ఇల్లు ముస్లిం సోదరులది అయితే కిటికీ కాడ పెట్టి వండొద్దు, ఆ మర్యాద ఉండాలె. మన తిండి మనం తిందాం, ఎదుటోని మనసు నొప్పియ్యకుండ తిందాం.

ఇప్పుడు అసలు సంగతి. పంది తింటే తలకాయల పురుగు పోతది, ఫిట్స్ వస్తయి అని మనోళ్లు అంటరు. దీంట్ల నిజం ఉన్నది, కాని తలకిందులు చేసి చెప్తున్నరు. సక్కగ చదువుండ్రి.

బద్దె పురుగు అని ఒకటి ఉంటది. అది మనిషి పేగులల్ల బతుకుతది. దాని గుడ్లు మనిషి దొడ్డికి పోయినప్పుడు బయటికి వస్తయి. ఊర పంది ఆ మలం తింటది. గుడ్లు పంది కడుపుల పడి, దాని కండలకు పాకి సగ్గుబియ్యం గింజల తీర్గ బుడగలు కడుతయి. ఆ మాంసం సగం ఉడికీ ఉడకక తిన్న మనిషికి పేగుల బద్దె పురుగు అయితది. తలకాయల బుడగ మాత్రం మాంసం తిన్నందుకు నేరుగ రాదు. బద్దె పురుగు ఉన్న మనిషి మలంల ఉన్న గుడ్లు, కడగని చేతుల తోటో, నీళ్ల తోటో, సక్కగ కడగని కొత్తిమీర, క్యారెట్ తోటో మన నోట్లకు పోతే, అప్పుడు మెదడుకు ఎక్కుతది. ఫిట్స్ అట్ల వస్తయి. అందుకే జీవితంల మాంసం ముట్టనోళ్లకు కూడ ఈ జబ్బు వస్తది. డాక్టర్లు ఈ మాట చెప్తనే ఉంటరు, మనం పంది మీదికే తోసేస్తం.

అంటే ఏందన్నట్టు? బయట దొడ్డికి పోవుడు, పందులను మోరీల పొంటి ఇడిచిపెట్టుడు, ఈ రెండు కలిస్తెనే ఆ పురుగు బతుకుతది. లెట్రిన్ వాడి, పందిని కొట్టంల పెట్టి దాణా మీద పెంచితే పురుగుకు దారి ఉండది. పంది చేసిన తప్పు ఏం లేదు. మనం పెట్టిందే అది తిన్నది.

మాంసం కొనేటప్పుడు కండను కోసి చూడాలె. తెల్లగ, నీళ్లు నిండిన గింజల్లెక్క కనిపిస్తే కొనొద్దు, పక్కోన్ని కూడ కొననియ్యొద్దు. కనిపించలే కదా అని పచ్చిగ వండొద్దు. కుక్కర్ల 120 డిగ్రీల దాక వేడి ఎక్కుతది, దాంట్ల ఏ పురుగూ బతకది. నేను కుక్కర్ ముందు అని గట్టిగ చెప్పుడు మెత్తదనం కోసమే కాదు, ఇందుకు కూడ. ఎయిర్ ఫ్రైయర్ పైన ఎర్రగ చేసి మోసం చేస్తది. లోపల బొక్క పొంటి గులాబి రంగు, ఎర్ర నీళ్లు ఉంటే అది ఉడకనట్టే. పచ్చి మాంసం కోసిన కత్తి, పలక వేడి నీళ్లు, సబ్బు తోటి కడిగినంకనే ఉల్లిగడ్డ కొయ్యాలె.

మెదడువాపు గురించి కూడ ఒక్క మాట. అది దోమ కుట్టి వచ్చేది. పందుల నుంచి, కొంగల నుంచి దోమ తెచ్చి మనకు కుడుతది, వరి మళ్లల్ల నిలిచిన నీళ్లల్ల ఆ దోమ పెరుగుతది. వండిన కూర తింటే రాదు. పందుల కొట్టం ఇండ్ల నడుమ ఉండొద్దు, ఊరికి దూరంగ ఉండాలె అనేది మాత్రం ఇందుకే.

అడవి పంది సంగతి అడిగేటోళ్లు ఉంటరు, నాకు తెలుసు. మక్కచేను ఒక్క రాత్రిల పండబెట్టిపోయిన అడవి పంది మీద నాకు ఉన్నంత కోపం ఎవ్వలకు ఉండది. అయినా దాన్ని ఉచ్చులు పెట్టి, కరెంటు తీగ పెట్టి చంపి తినుడు 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కకు పెట్టినా, ఆ తీగ పంది కోసం అని చూడది. రాత్రి మోటరు పెట్టుటానికి పోయే రైతు కాలుకు తగులుతది. ఎన్ని ఊర్లల్ల ఎంతమంది అట్ల పోయిన్రో పేపర్ల చదువుతనే ఉన్నం. అడవి పంది బొక్కలు నా దగ్గరికి తెచ్చి ఎట్ల వండాలె అని అడగకుండ్రి.

మరి మంచి పంది యాడ దొరుకుతది? ఇక్కడనే మన సిగ్గు మనకు అడ్డం వస్తది. సిద్దిపేట దిక్కు కొట్టం పెట్టి సీమపందులు పెంచేటోళ్లు ఉన్నరు గాని బోర్డు పెట్టుకొని అమ్మేటోళ్లు తక్కువ. ఎరుకల అన్నదమ్ములు తరాల నుంచి ఈ పని చేస్తున్నరు. ఊర్ల వాళ్ల పందులను చూసి ముక్కు మూసుకుంటం, వాళ్ల కొట్టానికి జాగ అడిగితే ఇయ్యం. అదే మనిషి హైదరాబాద్ పోయినప్పుడు ఏసీ హోటల్ల కూసొని పోర్క్ రిబ్స్ అని ఇంగ్లీషుల ఆర్డర్ ఇచ్చి, వెయ్యి రూపాయలు కట్టి, ఫోటో దిగి స్టేటస్ పెడుతడు. ఊర్ల పక్క బొక్క అంటే నీచం, సిటీల రిబ్స్ అంటే గొప్ప. ఈ రెండు నాల్కల మాట నాకు నచ్చది.

ఇది మన సంప్రదాయం కాదు అనేటోళ్లకు కూడ చెప్త. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంల మానసోల్లాసం అని పుస్తకం రాయించిండు. దాంట్ల రాజు భోజనం అధ్యాయంల పంది మాంసం ఎట్ల కాల్చాలె, ఎట్ల వండాలె అని ఉన్నది. ఆ చాళుక్యుల ఏలుబడిల మన కొలనుపాక పెద్ద పట్టణం. వాళ్ల జెండా గుర్తు కూడ వరాహమే. వరహాలు అని బంగారు నాణేల పేరు దాని మీది నుంచే వచ్చింది. రాజు తింటే భోగం, కూలోడు తింటే నీచం ఎట్ల అయితది?

ఇది తిండి ముచ్చట ఒక్కటే అయితే నేను ఇంత పొడుగు రాయకపోదును. మన చేతిల పైస లేదు, అందుకు రాస్తున్న. 2017 జూన్ 20న మన జిల్లా కొండపాకల గొర్రెల పంపిణీ మొదలైంది, 20 గొర్రెలు, ఒక పొట్టేలు. 2019 పశుగణనల తెలంగాణల గొర్రెలు 1 కోటి 91 లక్షలు, దేశంల మొదటి స్థానం. అయినా యాట కూర కిలో ఎనిమిది వందలు దాటింది, కూలి మనిషి నెలకు ఒక్కసారి కొనలేడు. పంది కూర అందుల సగం ధర కూడ లేదు. అదే లెక్కల దేశం మొత్తం మీద పందులు 1 కోటి 3 లక్షల నుంచి 90 లక్షలకు పడిపోయినయి. తినేటోడు ఉన్నడు, పెంచేటోడు తగ్గుతున్నడు.

పంది 114 రోజులకు ఈనుతది. ఒక్క ఈతకు ఎనిమిది, పది పిల్లలు. మంచి దాణా పెడితే ఏడెనిమిది నెలలకు 80, 90 కిలోలు తూగుతది. ఆ దాణాల సగానికి ఎక్కువ మక్కలు. మక్కలు ఎవరు పండిస్తున్నరు? మనం. క్వింటాల్ కు ధర లేదని రోడ్డు మీద ఎండబోసి ఏడ్చేది మనమే. మన మక్కలు కోళ్ల ఫారాలకు పోతున్నయి, పందుల కొట్టానికి కూడ పోతే తప్పేంది? 2021ల మార్చిన జాతీయ పశుసంవర్ధక మిషన్ల గొర్రెలు, కోళ్ల తీర్గనే పందుల ఫారానికి కూడ 50 శాతం సబ్సిడీ ఉన్నది, 30 లక్షల దాక. అంత పెద్ద యూనిట్ మనకు కాదు అనుకుంటె నలుగురు కలిసి పెట్టుకోవచ్చు. బ్యాంకు అప్పు ఉంటది, రోగాల భయం ఉంటది, టీకాలు సక్కగ వెయ్యాలె, ఇవన్ని చూసుకొనే దిగాలె. నేను అందర్ని పందులు పెంచుమంటలేను. పెంచేటోన్ని చూసి నవ్వకుండ్రి అంటున్న.

పక్క బొక్కలకు దీంతోటి సంబంధం ఏందంటరా? మన దగ్గర పందిని కోస్తే తొడ, పక్క, మెడ, కొవ్వు అన్ని కలిపి కుప్ప పోసి ఒక్క ధరకు అమ్ముతరు. సిటీల అట్ల కాదు. పక్క బొక్కలు వేరు, తొడ కండ వేరు, కొవ్వు వేరు, ప్యాకెట్ చేసి, తేదీ వేసి అమ్ముతరు. ఒక్కో దానికి ఒక్కో ధర. శుభ్రంగ కోసి, విడదీసి, చల్లగ పెట్టి అమ్ముడు నేర్చుకుంటె అదే పందికి ఎక్కువ పైసలు వస్తయి. హైదరాబాద్ పక్కన చెంగిచెర్లల జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్నది, మాంసం శుభ్రంగ కోసుడు, ప్రాసెసింగ్ మీద శిక్షణ ఇస్తది. ఊరి పిల్లగాండ్లు పోయి నేర్చుకొని రావచ్చు. అడిగి కొనేటోళ్లు మనం ఉంటేనే వాళ్లు అట్ల అమ్ముతరు. దాచుకొని, రాత్రిపూట నల్ల కవర్ల తెచ్చుకునేటోడు, కొట్టం చూపియ్యి, కండ కోసి చూపియ్యి అని ఎట్ల అడుగుతడు? సిగ్గు ఉన్న కాడ నాణ్యత అడగరాదు. అందుకే దొరికింది తింటం.

మా దగ్గర ఇప్పుడు నలుగురం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నం. కొట్టం పోయి చూసి వచ్చినం, కింద గచ్చు ఉన్నది, దాణా తొట్టి ఉన్నది. కూర కావాలంటే శుక్రవారం చెప్తం, ఆదివారం పొద్దుగాల కోస్తరు, బొక్కలు పొడుగ్గ కొట్టించుకొని పట్టపగలు తెల్ల కవర్ల తెచ్చుకుంటం.

ఇంకో ముచ్చట మర్చిపోకముందు. డబ్బా కింద గిన్నెల కారిన కొవ్వును వేడి మీద మోరీల పోయకుండ్రి. చల్లారినంక గడ్డ కట్టి పైపు బందు అయితది, తీయించాలంటే కూలి అవుతది. చల్లారనిచ్చి, గరిటె తోటి గీకి, పాత పేపర్ల చుట్టి పెంట కుప్ప మీద గుంత తీసి పూడ్చుండ్రి, పైపైన వేస్తే కుక్కలు లాగుతయి. బుట్టను ఇనుప పీచు తోటి రాకొద్దు, పూత లేస్తది. వేడి నీళ్లల్ల సబ్బు వేసి అరగంట నానబెడితే బట్ట తోటి తుడిచినా పోతది.